ఇయాగో పగ ఎక్కడిది? ఒథెల్లో రంగు మీద తిట్లు నాటకంలో ఉంచాలా, తీసేయాలా?

తులసికోట | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. వార్షికోత్సవానికి మా పిల్లలు షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలోంచి రెండు ముక్కలు తెలుగులో వేస్తామన్నారు. చదవనివాళ్ళకి కథ క్లుప్తంగా: ఒథెల్లో వెనిస్ సైన్యానికి సేనాని, నల్లవాడు; డెస్డెమోనా అనే తెల్ల అమ్మాయిని రహస్యంగా పెళ్ళి చేసుకుంటాడు. అతని కింద పనిచేసే ఇయాగో, ఆమెకి కాసియోతో సంబంధం ఉందని చెప్పి, ఆమె పోగొట్టుకున్న రుమాలుని సాక్ష్యంగా వాడి, ఒథెల్లో చేతే ఆమెని చంపిస్తాడు. ఒకటి మొదటి అంకం మొదటి రంగం, రెండోది మూడో అంకం మూడో రంగం. అనువాదం నేనే చేస్తున్నాను. మొదటి రంగం దగ్గరే ఆగిపోయాను.

అర్ధరాత్రి ఇయాగో, డెస్డెమోనాని కోరుకునే రోడరిగో ఇద్దరూ ఆమె తండ్రి బ్రబాన్షియో ఇంటి కింద నిలబడి అరుస్తారు కదా. "ముసలి నల్ల పొట్టేలు మీ తెల్ల గొర్రెని..." అంటాడు ఇయాగో. రోడరిగో అయితే "ఆ లావు పెదాలవాడు" అంటాడు. మొన్న రిహార్సల్లో ఈ మాటలు చదవగానే గదంతా ఒకటే నవ్వు. ఒథెల్లో వేస్తున్న అబ్బాయి మంచి నలుపు. వాణ్ణి ఎంచుకున్నది రంగు చూసి కాదు, గొంతు విని. అందరూ నవ్వినప్పుడు వాడూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా కళ్ళముందే ఉంది.

తోటి లెక్చరర్ ఒకావిడ, "ఆ మాటలు తీసేయండి మేడం, ఇయాగో కోపమంతా ప్రమోషన్ గురించే కదా, రంగు లేకపోయినా కథ నడుస్తుంది" అన్నారు. నడుస్తుందా? అసలు ఇయాగో ఇదంతా ఎందుకు చేశాడని మీరు అనుకుంటున్నారు? చదివినవాళ్ళు చెప్పండి, నాకు నిజంగా అవసరం.

మాజీ హవల్దార్ | శనివారం రాత్రి 10:05

మేడం గారూ, నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో చేశాను. మా అమ్మాయి ఎం.ఏ. పుస్తకం ఇంట్లో ఉంటే, తనే పక్కన కూర్చుని చెబుతుంటే విన్నాను. మొదటి పేజీలో ఇయాగో చెప్పేది నాకు వెంటనే అర్థమైంది. రోడ్స్‌లో, సైప్రస్‌లో ఒథెల్లో కళ్ళముందే యుద్ధం చేసినవాడు. లెఫ్టినెంట్ పోస్టు మాత్రం కాసియోకి పోయింది. కాసియో పుస్తకాల మనిషి, యుద్ధంలో ఒక్క దళాన్ని నిలబెట్టింది లేదు అంటాడు. తను జెండా మోసే అధికారిగానే మిగిలిపోయాడు. సీనియారిటీ పోయింది, ఇప్పుడంతా సిఫారసు ఉత్తరాలే అంటాడు. ఈ మాట బ్యారక్‌లో నేను ఎన్ని రాత్రులు విన్నానో చెప్పలేను. నిన్న మొన్న వచ్చినవాడికి సెల్యూట్ కొట్టాల్సి వస్తే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

అతను చేసింది న్యాయమని అనను. కానీ మూలం అదే. రంగు తిట్లు కోపంలో నోటికొచ్చినవి. కోపం వస్తే మనిషి ఎదుటివాడిలో కంటికి కనిపించేది పట్టుకుని తిడతాడు.

పాతపుస్తకం | శనివారం రాత్రి 11:31

హవల్దార్ గారూ, మీరు చెప్పిన మంట నాటకంలో ఉంది, కాదనను. కానీ ఒక్క చోటు చూడండి. మూడో అంకం మూడో రంగం ఆఖర్న ఒథెల్లో, "ఇకనుంచి నువ్వే నా లెఫ్టినెంట్‌వి" అంటాడు. కాసియో ఉద్యోగం అప్పటికే ఊడింది. ఇయాగో కోరుకున్న పోస్టు చేతికొచ్చింది. కడుపుమంట పోస్టు గురించే అయితే అక్కడ చల్లారాలి. చల్లారలేదు. తర్వాతి అంకంలో, "విషం వద్దు, ఆమె పడుకునే మంచం మీదే గొంతు నొక్కండి" అని ఒథెల్లోకి చెప్పింది ఇతనే. ప్రమోషన్ వచ్చాక ఇచ్చిన సలహా అది.

పైగా అతను కారణాలు మారుస్తూ పోతాడు. మొదట ప్రమోషన్. మొదటి అంకం చివర ఒంటరిగా ఉన్నప్పుడు, నా భార్యతో ఒథెల్లోకి సంబంధం ఉందని బయట అనుకుంటున్నారు అంటాడు. నిజమో కాదో నాకు తెలియదు, అనుమానం చాలు, నిజమైనట్టే నడుచుకుంటాను అని కూడా అంటాడు. రెండో అంకంలో డెస్డెమోనా మీద తనకూ మనసుందంటాడు. అదే స్వగతంలో, కాసియో మీద కూడా భార్య విషయంలో అనుమానం అంటాడు. చివరి అంకంలో ఇంకోటి: కాసియో బతుకులో ఏదో అందం ఉంది, దాని పక్కన నేను వికారంగా కనిపిస్తున్నాను అని. ఇన్ని కారణాలు చెప్పేవాడికి అసలు కారణం ఒక్కటీ లేనట్టే. ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ అన్నది కూడా ఇదే, కారణం లేని దుర్మార్గం కూర్చుని కారణాలు వెతుక్కుంటోంది అని.

ఇంకో సంగతి. ఈ కథ షేక్‌స్పియర్ సొంతం కాదు. చింతియో అనే ఇటాలియన్ రచయిత 1565లో అచ్చువేసిన కథల్లోది. అందులో జెండా మోసేవాడికి డెస్డెమోనా మీద కోరిక. ఆమె పట్టించుకోదు, ఆ కోరిక పగగా మారుతుంది. కారణం స్పష్టం, పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. షేక్‌స్పియర్ చేతిలో ఉన్న ఆ ఒక్క గట్టి కారణాన్నీ పలచన చేసి పక్కన పడేశాడు. ఇది ఏమరుపాటుగా జరిగే పని కాదు.

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 7:40

మాస్టారూ, మీ పోస్టు చదువుతుంటే నాకు శకుని గుర్తొచ్చాడు. వ్యాసభారతంలో శకుని ఎందుకు అంత కసిగా ఉన్నాడంటే మేనల్లుడి మీద ప్రేమ, పాండవుల సిరి చూసి ఓర్వలేకపోవడం తప్ప పెద్దగా దొరకదు. మన జనానికి అది సరిపోలేదు. అందుకే శకుని తండ్రినీ అన్నదమ్ముల్నీ చెరలో పెట్టి తిండి లేకుండా చంపారని, తండ్రి ఎముకలతోనే పాచికలు చేసుకున్నాడని కథ పుట్టింది. మా అమ్మమ్మ ఆ కథ చెప్పేటప్పుడు నాకు శకుని మీద జాలేసేది. అంత చెడు చూసినప్పుడు వెనకాల ఏదో పెద్ద దెబ్బ ఉండి తీరాలని మనకి అనిపిస్తుంది. అది లేకపోతే భయం వేస్తుంది.

ఇయాగో విషయంలోనూ మనం అదే చేస్తున్నామేమో. ఆఖర్న పట్టుబడి, ఎందుకు చేశావని అడిగితే, "నన్నేమీ అడగకండి, మీకు తెలిసింది తెలుసు, ఇక నేను నోరు విప్పను" అంటాడు. నాటకమంతా చెవుల్లో మాటలు పోసినవాడు అక్కడ మూగవాడైపోతాడు.

చామంతి | ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను ఇక్కడ మామూలుగా చదివి వెళ్ళిపోతాను, రాయను. తులసికోట మేడం రాసిన ఆ అబ్బాయి నవ్వు గురించి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీరందరూ ఇయాగో మనసులో ఏముందని వెతుకుతున్నారు. నాకు అది అంత ముఖ్యం అనిపించడం లేదు. ఇయాగో చెప్పిన మాట ఒథెల్లో ఎందుకు నమ్మాడన్నది చూడండి. మూడో అంకం మూడో రంగంలో రుమాలు ఇంకా పోలేదు, సాక్ష్యం అన్నది ఏదీ లేదు. ముందు ఒథెల్లో ధైర్యంగానే ఉంటాడు. "ఆమెకి కళ్ళున్నాయి, చూసే నన్ను ఎంచుకుంది" అంటాడు. కాసేపటికి ఇయాగో, "తండ్రిని మోసం చేసే కదా మిమ్మల్ని పెళ్ళి చేసుకుంది" అని గుర్తు చేస్తాడు. అది ఇయాగో కనిపెట్టిన మాట కూడా కాదు. తండ్రి బ్రబాన్షియో సభలో అందరి ముందు అన్నదే.

ఆ తర్వాత ఒథెల్లో తనంతట తనే, "అయినా, ప్రకృతి తన దారి తప్పి..." అని మొదలుపెట్టి ఆగిపోతాడు. ఆ వాక్యాన్ని ఇయాగో అందుకుంటాడు. "అదే కదా అసలు సంగతి! తన దేశం, తన రంగు, తన అంతస్తు ఉన్న సంబంధాలు ఎన్ని వచ్చినా కాదనుకుందంటే..." అంటాడు. ఇక్కడ నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే సగం వాక్యం ఒథెల్లోదే. తెల్లని అమ్మాయి నల్లవాణ్ణి ప్రేమించడం ప్రకృతికి విరుద్ధం అన్న మాట అతని లోపల ఎప్పటినుంచో ఉంది. ఇయాగో దాన్ని బయటికి లాగాడంతే. ఇంకో నిమిషానికి ఒంటరిగా నిలబడి, "నేను నల్లవాణ్ణి కాబట్టేమో" అనుకుంటాడు. తర్వాత, మలినమైన పేరుని దేనితో పోలుస్తాడో తెలుసా? "నా ముఖంలా నల్లగా మసిబారింది" అంటాడు. మురికికి పోలిక తన ముఖమే దొరికింది అతనికి.

నా పెళ్ళిచూపుల్లో ఒక అబ్బాయి నచ్చానని చెప్పాడు. ఇంటికెళ్ళాక మా అత్త, "నిజంగానే నచ్చిందంటావా? ఇంకేదైనా చూసి ఒప్పుకున్నాడేమో కనుక్కోండి" అంది. అత్తకి నేనంటే ప్రాణం. చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ అబ్బాయి ఫోన్ చేసిన ప్రతిసారీ నాకు ఆ మాటే వినిపించేది. నన్ను ఎలా నచ్చుకుంటాడు, ఏదో ఉంది అని. కృష్ణుణ్ణి నల్లనయ్య అని మురిసిపోయే ఇళ్ళలోనే నాకు ఆరేళ్ళప్పటి నుంచీ పసుపు, సెనగపిండి నలుగు పెట్టారు. మా ఆయన ఓపిక గలవాడు, ఆ అనుమానాన్ని తట్టుకున్నాడు. డెస్డెమోనాకి అంత టైం దొరకలేదు.

మాటలు తీసేయకండి మేడం. తీసేస్తే ఒథెల్లో వట్టి చెవులు పల్చన మనిషి అయిపోతాడు. "చెప్పుడు మాటలు విని పెళ్ళాన్ని చంపాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

మాజీ హవల్దార్ | ఆదివారం రాత్రి 8:50

అమ్మా చామంతీ, నీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. తను చాలాసేపు మాట్లాడలేదు.

నిన్న నేను, కోపంలో నోటికొచ్చిన తిట్లు అని రాశాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సర్వీసులో మొదటి రెండేళ్ళు నా పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "మద్రాసీ" అనేవాళ్ళు, ఇంకా చనువున్నవాళ్ళు "కాలియా" అనేవాళ్ళు. ఎవరూ కోపంగా అనలేదు. కోపం లేనప్పుడే అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే వీడికి సరదా తెలియదంటారని నవ్వేవాణ్ణి. మీ స్టూడెంట్ నవ్వు గురించి చదవగానే నాకు అది తట్టి ఉండాల్సింది. ముప్పై ఏళ్ళయింది కదా, మర్చిపోయాననుకున్నాను.

ప్రమోషన్ దెబ్బ నిజమేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ దెబ్బ కాసియో మీద పగ పెంచాలి. ఒథెల్లో మీద ఇంత పగ పట్టాడంటే, "ఇలాంటివాడా నాకు పై అధికారి, ఇలాంటివాడా నన్ను కాదన్నది" అన్నది అందులో కలిసి ఉండాలి.

పాతపుస్తకం | ఆదివారం రాత్రి 9:35

హవల్దార్ గారు పేరు సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. మొదటి రంగమంతా ఒథెల్లో గురించే మాట్లాడతారు. అతని పేరు ఒక్కసారి కూడా పలకరు. "మూర్" (ఉత్తర ఆఫ్రికా వాడు) అంటారు, "లావు పెదాలవాడు" అంటారు, గుర్రం అంటారు, పొట్టేలు అంటారు. రెండో రంగంలో మనిషి మన ముందుకొచ్చినా పేరు వినపడదు. మూడో రంగంలో సభలో డ్యూక్ నోటినుంచి వస్తుంది మొదటిసారి, "వీరుడా ఒథెల్లో" అని. అదీ తురుష్కుల మీదికి యుద్ధానికి పంపాల్సిన అవసరం పడ్డప్పుడు.

చామంతి చెప్పిన "మసిబారిన ముఖం" వాక్యం గురించి కూడా. 1622లో అచ్చయిన మొదటి ప్రతిలో ఆ వాక్యం లేదు. 1623 నాటి పెద్ద సంపుటంలో ఉంది. రోడరిగో మొదటి రంగంలో మాట్లాడే ఒక పెద్ద మాట, "కాముకుడైన మూర్ కౌగిలి" అని వచ్చేది, అదీ మొదటి ప్రతిలో లేదు. రెండో ప్రతిలో సుమారు 160 పంక్తులు ఎక్కువ. ఇయాగో భార్య ఎమీలియా, భర్తల గురించి చెప్పే గొప్ప ప్రసంగం కూడా వాటిలోదే. మీ సమస్య, ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది, ఈ నాటకానికి పుట్టుకతోనే ఉంది. నేనైతే ఎక్కువున్న ప్రతి వైపే.

వేపచెట్టు | ఆదివారం రాత్రి 10:10

ఒకటి అడగనా? ఇయాగోకి నల్లవాళ్ళంటే ద్వేషం అంటున్నారు, ఒప్పుకుంటాను. ఆడవాళ్ళంటే అంతకంటే ఎక్కువ ద్వేషం కాదా? వెనిస్ ఆడవాళ్ళు మొగుళ్ళకి చూపించలేని పనులు దేవుడికి చూపిస్తారు అంటాడు. ఒథెల్లో అది కాదనలేకపోయాడు, ఎందుకంటే అతను ఆ ఊరివాడు కాదు, అక్కడి ఆడవాళ్ళ సంగతి ఇయాగోకే తెలుసని నమ్మాడు. పరాయివాడన్న బెరుకు, ఆడదాని మీద అనుమానం, రెండూ కలిస్తేనే ఈ హత్య జరిగింది. ఇయాగోని బయటపెట్టింది కూడా ఒక ఆడదే, సొంత భార్య ఎమీలియా. ప్రాణం పోగొట్టుకుంది.

రంగస్థలి | సోమవారం ఉదయం 6:20

రాత్రి ప్రదర్శన ముగించుకుని ఇప్పుడే చూశాను. ముప్పై ఏళ్ళుగా నాటకాలాడుతున్నాను, ప్రతినాయక పాత్రలే ఎక్కువ. వేసేవాడి వైపునుంచి చెబుతాను.

ఇయాగో ప్రేక్షకుడితో స్నేహం చేస్తాడు. స్వగతాలన్నీ మన చెవిలో చెప్పే రహస్యాలు. వేదిక మీద అందరూ అతన్ని నిజాయితీపరుడు, నిజాయితీపరుడు అంటూనే ఉంటారు. ఆ మాట, దాని రూపాలు నాటకంలో 50 సార్లకు పైగా వస్తాయి. నిజం మనకొక్కరికే తెలుసు. అందుకే నవ్వొస్తుంది. మేడం, మీ గదిలో పిల్లలు నవ్వింది వాళ్ళు చెడ్డవాళ్ళై కాదు. ఇయాగో పాత్ర ఆ నవ్వు రాబట్టేలాగే రాసి ఉంది. నవ్వినవాడు తర్వాత సిగ్గుపడాలి. మీరు రెండే ముక్కలు వేస్తే ఆ సిగ్గుపడే చోటు దొరకదు.

చరిత్రలో కూడా ఈ పాత్ర వట్టి పాత్రగా లేదు. 1833లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఎడ్మండ్ కీన్ ఒథెల్లో వేస్తూ వేదిక మీదే కుప్పకూలాడు. ఆయన స్థానంలో ఐరా ఆల్డ్రిడ్జ్ అనే నల్లజాతి నటుడు వచ్చాడు. పత్రికలు విరుచుకుపడ్డాయి, రెండు ప్రదర్శనలకే ఆగిపోయింది. 1848లో మన కలకత్తాలో, ఇంగ్లిష్‌వాళ్ళ సాన్ సూసీ థియేటర్‌లో, బైష్ణవ్ చరణ్ ఆఢ్య అనే బెంగాలీ ఒథెల్లో వేశాడు. చుట్టూ తెల్ల నటులు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య పెళ్ళిని నిషేధించిన చట్టం 1985లో పోయింది. 1987లోనే జోహనెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో జాన్ కానీ ఒథెల్లోగా, తెల్ల నటి డెస్డెమోనాగా నాటకం పడింది. అక్కడ ఆ పొట్టేలు మాట విన్న ప్రేక్షకుడికి అది పాత ఇంగ్లిష్ కవిత్వంలా వినిపించి ఉండదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ నాటకమే నల్లవాళ్ళకి అన్యాయం చేస్తోందనే నటులూ ఉన్నారు. ఎంత మర్యాదస్థుడైనా రెచ్చగొడితే ఆడదాన్ని చంపేస్తాడని చూపించడం లేదా అంటారు. హ్యూ క్వార్షీ అనే నటుడు 1998లో, నల్లజాతి నటులు అసలు వేయకూడని పాత్ర ఏదైనా ఉంటే అది ఇదేనేమో అన్నాడు. అదే మనిషి 2015లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో ఒథెల్లో వేశాడు. ఎదురుగా ఇయాగో కూడా నల్లజాతి నటుడే, లూషన్ మ్సమాటి. తన రంగువాడే తనని ముంచితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మేడంకి నా సలహా రెండు. మొదటి రంగంలో ఒథెల్లో వేసే అబ్బాయిని వేదిక చుట్టుపక్కల ఎక్కడా కనిపించనివ్వకండి. జనం ముందు ఆ తిట్లన్నీ వినాలి, మనసులో ఒక బొమ్మ గీసుకోవాలి. రెండోది, రెండో రంగంలోంచి నాలుగు పంక్తులైనా కలపండి. బ్రబాన్షియో మనుషులు కత్తులు దూసి వస్తే ఒథెల్లో గొంతు పెంచకుండా, "మెరిసే కత్తులు ఒరలో పెట్టండి, మంచుకి తుప్పు పడతాయి" అంటాడు చూడండి, అది. గీసుకున్న బొమ్మ అక్కడ చిరిగిపోతుంది. ఆ అబ్బాయికి గొంతుంది అన్నారుగా, ఆ ఒక్క వాక్యం చాలు.

డాలస్ నుంచి | సోమవారం ఉదయం 8:02

రంగస్థలి గారూ, మా దగ్గర పాల్ రోబ్సన్ 1943లో బ్రాడ్వేలో ఒథెల్లో వేస్తే 296 ప్రదర్శనలు ఆడింది. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాంటి పెళ్ళి నేరం. దేశమంతటా ఆ చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. మా అబ్బాయి హైస్కూల్లో ఈ నాటకం చదువుతున్నాడు. క్లాసులో తనొక్కడే ఇండియన్. ఆఖరి ప్రసంగంలో, ముత్యం విలువ తెలియక పారేసుకున్న "ఇండియన్" అన్న మాట దగ్గర టీచర్ తన వైపు చూశారట. అది మన గురించేనా?

పాతపుస్తకం | సోమవారం ఉదయం 9:14

1622 ప్రతిలో "ఇండియన్", 1623లో "జూడియన్", అంటే యూదుడు. ఏది సరైనదో ఇప్పటికీ పండితులు తగువుపడుతున్నారు. ఇండియన్ అన్నది నిజమైతే, అమెరికా ఆదివాసుల గురించి అయినా కావచ్చు. మీ అబ్బాయికి ఇంకోటి చూపించండి. ఆ ప్రసంగం చివర ఒథెల్లో, అలెప్పోలో ఒక తురుష్కుడు వెనిస్ వాణ్ణి కొడుతుంటే వాణ్ణి పట్టుకుని ఇలా పొడిచాను అంటూ తననే పొడుచుకుంటాడు. చంపేది వెనిస్ సేనాని, చచ్చేది పరాయివాడు, రెండూ తనే.

తులసికోట | బుధవారం రాత్రి 9:48

ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించండి. మాటలన్నీ ఉంచాను. రంగస్థలి గారు చెప్పినట్టు రెండో రంగంలోని ఆ ముక్క కలిపాను. చామంతిగారూ, మీరు రాసింది, పెళ్ళిచూపుల సంగతి వదిలేసి, మీ పేరు లేకుండా, సగం వాక్యం గురించిన భాగం మాత్రం పిల్లలకి చదివాను. తప్పయితే చెప్పండి.

ఒథెల్లో వేసే అబ్బాయి రిహార్సల్ అయ్యాక ఆగి, "మేడం, 'ప్రకృతి తన దారి తప్పి' దగ్గర నేను ఆగాలా, లేక ఇయాగో నా మాటకి అడ్డొస్తాడా?" అని అడిగాడు. నువ్వేమనుకుంటున్నావన్నాను. "నేనే ఆగుతాను మేడం. పూర్తి చేస్తే నిజమవుతుందని భయం" అన్నాడు. ఇయాగో వేసే కుర్రాడు పక్కనే ఉన్నాడు. "అయితే నేను నెమ్మదిగా అంటాను, ఫ్రెండ్‌లాగా" అన్నాడు. ఇద్దరూ ఆ ముక్కని ఏడెనిమిది సార్లు చేశారు.

కత్తుల వాక్యం ఇలా రాశాను, చూడండి: "మెరిసే కత్తులు ఒరలో పెట్టండి. మంచు పడితే చిలుము పడతాయి." రంగస్థలి గారు తుప్పు అన్నారు కానీ, నాకు చిలుము అంటే వినడానికి బాగుందనిపించింది.

చామంతి | బుధవారం రాత్రి 10:03

తప్పేం లేదు మేడం. పెళ్ళిచూపుల సంగతి కూడా చెప్పొచ్చు, అమ్మాయిలకైనా.

మాజీ హవల్దార్ | బుధవారం రాత్రి 10:20

మేడం గారూ, చిలుము ఇత్తడికి, రాగికి పడుతుంది. ఉక్కు కత్తికి తుప్పే. ఒథెల్లో చిన్నప్పటి నుంచీ సైన్యంలో పెరిగినవాడు, ఆ తేడా తెలియకుండా ఉండడు. రంగస్థలి గారి మాటే ఉంచండి. ప్రదర్శన ఏ రోజో రాయండి, మా అమ్మాయిని తీసుకుని వస్తాను.